మహ్దియా మీదుగా

1985 ఏప్రిల్‌లో ఒక శనివారం మధ్యాహ్నం మా నాన్న భోజనాల బల్ల మీద అట్లాసు పరిచాడు. ఇటలీ బూటుకి కిందగా, ఆఫ్రికా నెత్తి మీద ఇరుక్కుని కూర్చున్నట్టున్న ఒక చిన్న దేశం మీద వేలు పెట్టి, ఈసారి ఇండియా పోయేటప్పుడు ఇక్కడ ఆగుదాం అన్నాడు. ఆ దేశం ట్యునీసియా. వేలు ఇంకాస్త జరిగి, సముద్రంలోకి నాలుక చాపినట్టున్న ఒక మొన దగ్గర ఆగింది. అక్కడ మహ్దియా అని ఒక ఊరుందట.

నేనూ తమ్ముడు ఉదయ్ మొహమొహాలు చూసుకున్నాం. మా నాన్న కొండల్‌రావు దారిలో ఎక్కడా ఆగే మనిషి కాదు. మిషిగన్‌లో మా నోవై నుంచి షికాగో వెళ్ళినా గ్యాస్ కోసం తప్ప కారు ఆపడు. మూడు నాలుగేళ్ళకోసారి ఇండియా వెళ్ళడమంటే లండన్ ఎయిర్‌పోర్టులో కుర్చీల మీద కునికిపాట్లు, తర్వాత బొంబాయి, ఆ తర్వాత హైదరాబాదు, అంతే. అలాంటిది మమ్మల్ని సముద్రం చూపించడానికి తీసుకెళ్తానంటున్నాడు. ఉదయ్ కుర్చీలోంచి ఎగిరి గంతేశాడు. అమ్మ స్టవ్ దగ్గర అటు తిరిగి పప్పు కలుపుతోంది. ఇటు తిరగలేదు.

నాకప్పుడు పదిహేనేళ్ళు, ఉదయ్‌కి పది.

అంతకు కొద్దిరోజుల ముందు ఒక సంగతి జరిగింది. మా స్కూలు బ్యాండ్‌లో నేను క్లారినెట్ వాయించేదాన్ని. ఒకరోజు ప్రాక్టీస్ అయ్యాక, ట్రంపెట్ వాయించే కెవిన్ అనే అబ్బాయి వాళ్ళన్న కారులో నన్ను ఇంటి దగ్గర దింపుతానన్నాడు. దారిలో ఐస్‌క్రీమ్ కొట్టు ముందు ఆగాం. రోడ్డుకి అవతల గ్యాస్ కొట్టించుకుంటున్న రామమోహన్ అంకుల్ మమ్మల్ని చూశాడు. నేను చెయ్యి ఊపాను కూడా. నోవై చుట్టుపక్కల ఉన్న కొద్దిపాటి తెలుగువాళ్ళలో ఆయనే అందరికీ పెద్ద. ఆ సాయంత్రం ఆయన నాన్నకి ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడాడు. మాట్లాడినంతసేపూ నాన్న ఊఁ కొట్టడం తప్ప ఏమీ అనలేదు.

నేను తిట్లకి సిద్ధపడి కూర్చున్నాను. తిట్లు రాలేదు. ఎవరా పిల్లాడు అని కూడా అడగలేదు. అడిగి ఉంటే చెప్పేదాన్ని. కెవిన్ అంటే నాకు కొంచెం ఇష్టమే, కానీ ఆ సంగతి కెవిన్‌కి కూడా తెలియదు. అమ్మానాన్నలు గదిలో తలుపేసుకుని మాట్లాడుకోవడం మాత్రం ఎక్కువైంది. తర్వాత ఆ శనివారం అట్లాసు బయటికి వచ్చింది. వాళ్ళు నన్ను నమ్మారనీ, నా మీద కోపం లేదని చెప్పడానికే ఈ ప్రయాణం పెట్టారనీ నేను అనుకున్నాను.

మహ్దియా నాన్నకి హేది ద్వారా తెలిసింది. హేది నాన్నతోపాటు కారు విడిభాగాల కంపెనీలో డిజైన్ సెక్షన్‌లో పనిచేసే ఇంజనీరు, ఆ ఊరివాడే. వాళ్ళక్క లతీఫా వేసవిలో ఇంటి పైగదులు అద్దెకిస్తుందట. మే నెలలో ఆయన మా ఇంటికి భోజనానికి వచ్చాడు. ఆవకాయ వేసుకుని, మా ఊళ్ళో కూడా ఇంత కారం తింటారని మురిసిపోయాడు. వాళ్ళ దేశంలో అరబ్బీతోపాటు ఫ్రెంచ్ కూడా మాట్లాడతారట. నేను స్కూల్లో మూడేళ్ళుగా ఫ్రెంచ్ నేర్చుకుంటున్నానని నాన్న నా చేత మాట్లాడించాడు. "మా బిడ్డ ఉండంగ మాకేం భయం, అంతా అదే మాట్లాడ్తది," అన్నాడు. హేది వెళ్ళేముందు నా తల నిమిరి, నువ్వు ధైర్యంగల పిల్లవి అన్నాడు. నా ఫ్రెంచ్‌ని మెచ్చుకుంటున్నాడనుకుని థాంక్స్ చెప్పాను.

జూన్‌లో స్కూలు అయిపోయింది. ఆగస్టులో బ్యాండ్ క్యాంప్ ఉంది కదా అని అమ్మని అడిగాను. అప్పటికి వచ్చేస్తాం అంది. క్లారినెట్ పెట్టెలో పెట్టుకుంటుంటే తీసి పక్కన పెట్టింది. "ఎందుకే మోసుడు, వచ్చినంక వాయించుకో," అంది. సరే అని అల్మారాలో పెట్టి, తలుపు వేసి వచ్చాను.

*

మహ్దియాకి మూడు పక్కలా సముద్రమే. పాత ఊళ్ళోకి వెళ్ళాలంటే కోటగుమ్మంలాంటి ఒక పొడవాటి చీకటి దారి దాటాలి. అవతల అడుగుపెట్టగానే కళ్ళు మూసుకోవాలి, అంత వెలుగు. తెల్లసున్నం గోడలు, నీలం తలుపులు, సందు చివర ఎక్కడ చూసినా ఒక ముక్క సముద్రం. పట్టు నేసే మగ్గాల చప్పుడు వింటూ అమ్మ ఒక గుమ్మం ముందు నిలబడిపోయింది. లోపలి నేతగాడు అమ్మ చీర కొంగు చూసి, చేతులతో మాట్లాడుతూ ఏదో అడిగాడు. అమ్మ తెలుగులోనే జవాబు చెప్పింది. వాళ్ళిద్దరికీ నా అవసరం పడలేదు.

మిగతా అన్నిచోట్లా పడింది. అంతవరకూ ఇంట్లో మాట్లాడే పెత్తనం నాన్నది. అక్కడ నాన్న నోరు తెరవాలంటే నావైపు చూడాలి. రొట్టె కొనాలన్నా, దారి అడగాలన్నా నేనే. సందుల్లో పిల్లలు మా వెంటబడి, ఇండియానా అని అడిగి, హిందీ సినిమా హీరోల పేర్లు అరిచేవాళ్ళు. ఉదయ్‌కి ఆ పేర్లు ఒక్కటీ తెలియదు. అయినా రాజుగారిలా చెయ్యి ఊపుకుంటూ నడిచేవాడు.

లతీఫా యాభై దాటిన మనిషి. భారీ మనిషి, గొంతు మాత్రం మెత్తన. భర్త పోయాక ఆ ఇంటిని, వేసవి అతిథుల్ని ఒంటిచేత్తో నడుపుకొస్తోంది. ఇంటి మధ్య వాకిట్లో నిమ్మచెట్టు, దాని కింద బల్ల, బల్ల మీద ఎప్పుడూ ఏదో ఒకటి తినడానికి. వాళ్ళ కారం ముద్ద రుచి చూసి, ఇది మా కొరివికారానికి అక్కచెల్లెలు అంది అమ్మ. అది నేను ఫ్రెంచ్‌లోకి ఎలా మార్చానో నాకే తెలియదు, లతీఫా మాత్రం అమ్మని కౌగిలించుకుంది.

సాయంత్రమైతే మగవాళ్ళు చెవి వెనక మల్లెమొగ్గల చిన్న గుత్తి పెట్టుకుని కాఫీ కొట్ల ముందు కూర్చునేవాళ్ళు. మొదటిసారి అది చూసి అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. మర్నాడు లతీఫా ఒక గుత్తి తెచ్చి నాన్నకిచ్చింది. నాన్న సిగ్గుపడుతూనే చెవి వెనక పెట్టుకున్నాడు. అమ్మ కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. నోవైలో మా ఇంట్లో అంత నవ్వు నేనెప్పుడూ వినలేదు.

నాన్నకి ఈత వచ్చని కూడా నాకు అక్కడే తెలిసింది. కరీంనగర్ దగ్గర వాళ్ళ ఊరి బావుల్లో నేర్చుకున్నాడట. మిషిగన్‌లో అన్ని సరస్సులున్నా ఏనాడూ చొక్కా విప్పి నీళ్ళలో దిగలేదు. ఇక్కడ రాళ్ళ మీద నుంచి పిల్లాడిలా దూకేవాడు. నాకు వెల్లకిలా తేలడం నేర్పాడు. వీపు కింద చెయ్యి పెట్టి, "ఒళ్ళు ఇడిసిపెట్టు బిడ్డా, నీళ్ళే మోస్తయి," అనేవాడు. చెయ్యి ఎప్పుడు తీసేశాడో తెలిసేది కాదు. ఆ రోజుల్లో ఎవరన్నా వచ్చి నీకు ఇంకేం కావాలి అని అడిగితే, ఏమీ అక్కర్లేదని చెప్పేదాన్ని.

అలా ఒకరోజు మధ్యాహ్నం అందరం నిమ్మచెట్టు కింద భోంచేస్తున్నాం. ఆ రోజు లతీఫా ఎర్రచేపలు వేయించింది. అమ్మ చేపలు తినదు కాబట్టి తనకి వేరే కూరగాయలు వండింది. నాన్న వేళ్ళతో ముల్లు తీసుకుంటూ తలెత్తకుండా తింటున్నాడు. లతీఫా నా పక్కనే కూర్చుని నా పళ్ళెంలో ముక్క వేసి, ఫ్రెంచ్‌లో అడిగింది, ఇంత చిన్నవయసులో అమ్మానాన్నలకి దూరంగా ఉండటం కష్టం కదా తల్లీ అని.

నాకు అర్థంకాలేదు. నా ఫ్రెంచ్‌లో ఏదో తప్పు దొర్లింది, వేరే మాటని ఇలా విన్నాననుకున్నాను. మళ్ళీ చెప్పమన్నాను. ఆమె ఈసారి చిన్నపిల్లకి చెప్పినట్టు నెమ్మదిగా చెప్పింది. హేది ఫోన్‌లో చెప్పాడట. నన్ను ఇండియాలో మా పెద్దమ్మ దగ్గర చదువుకి ఉంచి, అమ్మానాన్నలు తమ్ముణ్ణి తీసుకుని అమెరికా వెళ్ళిపోతారట. నువ్వు చాలా ధైర్యంగా ఉన్నావు, నేనైతే ఏడ్చేదాన్ని, అంది.

నాన్న తలెత్తాడు. "ఏమంటున్నది ఆమె?"

నేను నాన్న మొహం చూశాను. పెదవి పక్కన నూనె మెరుస్తోంది, చెవి వెనక నిన్నటి మల్లెగుత్తి వాడి వేలాడుతోంది.

"చేప ఎట్లుందని అడుగుతోంది," అన్నాను.

"మస్తుగున్నదని చెప్పు. ఇంత మంచిగ ఎన్నడు తినలేదని చెప్పు."

నేను లతీఫా వైపు తిరిగి, చాలా బాగుందంటున్నాడు నాన్న, అన్నాను. ఆమె చేపల గురించి అడగలేదన్న సంగతి అన్నాక గుర్తొచ్చింది. లతీఫా నాన్న వైపు ఒకసారి చూసింది. నాన్న చెయ్యెత్తి బ్రహ్మాండం అన్నట్టు వేళ్ళు ముడిచి చూపించాడు. ఆమె కళ్ళు దించుకుని రొట్టె తుంచడం మొదలుపెట్టింది.

*

ముందు అమ్మని అడిగాను. డాబా మీద కూర్చోబెట్టి నాకు జడ వేస్తోంది. నన్ను హైదరాబాద్‌లో వదిలేస్తారా అన్నాను. నా జుట్టులో దువ్వెన ఆగింది. కాసేపటికి మళ్ళీ కదిలింది. ఎవరన్నారు అని అడగలేదు అమ్మ. నాన్ననడుగు అంది. జడ చివర రబ్బరు బ్యాండు మామూలుకన్నా గట్టిగా బిగించింది.

ఆ సాయంత్రం నాన్నతో కలిసి ఊరి మొనదాకా నడిచాను. అక్కడ కొండవాలు పొడుగునా తెల్లటి సమాధులు సముద్రంలోకి దిగిపోతున్నట్టు ఉంటాయి. కంచె లేదు, మేకలు తిరుగుతుంటాయి. నాన్న ఒక రాయి మీద కూర్చుని, చనిపోయినా ఇలాంటి చోట ఉంటే బాగుంటుందని ఏదో అంటున్నాడు. మధ్యలో అడిగేశాను. ఎలా అడగాలా అని దారంతా అనుకున్న మాటలన్నీ పోయి, నోట ఒకే మాట వచ్చింది.

"నాన్నా, నన్ను ఇండియాలో ఉంచేస్తున్నావా?"

నాన్న నవ్వాడు. నవ్వే ముందు ఒక్క క్షణం ఆగాడు. ఆ క్షణాన్ని నేను చూశాను, కానీ లెక్కలోకి తీసుకోలేదు. "ఎవరు చెప్పిండ్రు నీకు?"

లతీఫా పేరు చెప్పలేదు. ఊరికే అనిపించింది అన్నాను. నాన్న లేచి నా దగ్గరికి వచ్చి, నా తల మీద చెయ్యి పెట్టాడు. ఈత కొట్టీ కొట్టీ అరచెయ్యి గరుకుగా అయింది.

"అట్లేం లేదు బిడ్డా. నిన్నిడిసి మేముంటమా? నీ తల మీద చెయ్యి పెట్టి చెప్తున్న. ఆగస్టుల మనందరం మనింట్ల ఉంటం."

తల మీద చెయ్యి పెట్టి చెప్పడానికి ఉన్న బరువు నోవైలో పెరిగిన నాకు పూర్తిగా తెలియదు. అయినా ఆ చెయ్యి చాలు నాకు. మర్నాడు వంటింట్లోకి వెళ్ళి లతీఫాతో, మీరు పొరపాటుగా విన్నారు, మా నాన్న అలాంటిదేం లేదన్నాడు, అని చెప్పాను. నాన్న మీద అపవాదు తొలగించినట్టు కాస్త గర్వంగానే చెప్పాను. ఆమె పిండి చేతులు కడుక్కుని, తుడుచుకుని, నా రెండు బుగ్గల మీదా ముద్దు పెట్టింది. నీ మాటే నిజం కావాలి తల్లీ, అంది. ఆ తర్వాత ఉన్న నాలుగు రోజులూ ఆమె నాన్నకి తన చేత్తో టీ ఇవ్వలేదు. బల్ల మీద పెట్టి వెళ్ళిపోయేది. అది నాన్న గమనించలేదు. అమ్మ గమనించింది.

మేం బయల్దేరేరోజు లతీఫా చీకటి గుమ్మం దాకా వచ్చింది. అమ్మ ఆమె రెండు చేతులూ పట్టుకుని ఎంతకీ వదల్లేదు. కారెక్కాక, పెద్దమనిషి, దేవుడు చల్లగ చూడాలె, అంది. నేను కిటికీలోంచి సముద్రం కనపడ్డంతసేపూ చూశాను. మళ్ళీ వద్దాం నాన్నా అన్నాను. వద్దాం బిడ్డా అన్నాడు.

*

హైదరాబాద్‌లో మా పెద్దమ్మ రాజేశ్వరమ్మ విద్యానగర్‌లో ఉండేది. ఆడపిల్లల స్కూల్లో లెక్కల టీచరు. భర్త లేడు, జయంతి అని నాకన్నా రెండేళ్ళు పెద్ద కూతురుంది. అప్పటికే వానలు మొదలై వీధులు బురదగా ఉన్నాయి. అమ్మ వచ్చిన దగ్గర్నుంచీ పెద్దమ్మతో వంటింట్లోనే ఉండేది. నేను వెళ్తే మాటలు మారేవి. నాన్న నాకు ఏది కావాలంటే అది కొనిపెట్టాడు.

ఒకరోజు పొద్దున జయంతి నన్ను దర్జీ దగ్గరికి తీసుకెళ్ళింది. చుడీదార్లు కుట్టిస్తానంది అమ్మ. దర్జీ పెద్దాయన, మెడలో టేపు, చెవి మీద పెన్సిలు. భుజాలు, చేతులు, నడుము కొలిచి, జయంతి సంచీలోంచి తీసిన గుడ్డని బల్ల మీద పరిచాడు. ముదురు నీలం గుడ్డ, దాంతో పాటు తెల్లగుడ్డ. రెండూ నేను ఎంచుకున్నవి కావు. జయంతి కూడా అలాంటి నీలం లంగా, తెల్ల జాకెట్టు వేసుకునే రెండేళ్ళ క్రితం దాకా స్కూలుకెళ్ళేదని ఫొటోల్లో చూశాను.

"జర వదులు వెడ్త అమ్మా," అన్నాడు దర్జీ. "ఎదిగే పిల్ల. ఏడాదంత రావాలె గదా."

నేను జయంతి వైపు చూశాను. ఆమె గోడ మీది క్యాలెండర్ చూస్తోంది.

నేను పరిగెత్తలేదు. సినిమాల్లోలాగా కొట్లోంచి బయటికి ఉరకలేదు. దర్జీ ఇంకో కొలత తీసుకోవాలి, చెయ్యెత్తమన్నాడు, ఎత్తాను. తర్వాత జయంతి, నేనూ రిక్షా ఎక్కాం. జయంతి నా చెయ్యి పట్టుకుంది. నేను విడిపించుకోలేదు.

ఇంటికొచ్చేసరికి ముందుగదిలో పెట్టెలు లేవు. నాది ఒక్కటే గోడవారన ఉంది. ఉదయ్ చెప్పులు లేవు. పెద్దమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. మధ్యాహ్నం బొంబాయి విమానానికి వెళ్ళారని చెప్పింది. నువ్వు ఏడిస్తే చూడలేమని చెప్పకుండా వెళ్ళారంది. ఆ మాట చెప్పడానికి ఆమెకి ఎంత కష్టమైందో తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం, లోపలికి రా తల్లీ, అన్నం తిను, అంది. నేను కాళ్ళు కడుక్కుని వెళ్ళి తిన్నాను. బెండకాయ కూర. మజ్జిగ దాకా తిన్నాను.

కొన్నాళ్ళ తర్వాత ఒక ఆదివారం పెద్దమ్మ నా తలకి నూనె రాస్తుంటే మహ్దియా సంగతి చెప్పాను. సమాధుల దగ్గర నాన్న అన్న మాట చెప్పాను. "తల మీద చెయ్యి పెట్టి చెప్పిండా? కడుపున పుట్టిన పిల్ల తల మీద?" అని రెండుసార్లు అడిగింది. నన్ను ఉంచుకోవడానికి ఒప్పుకున్నది ఆమే. ఆడపిల్ల అక్కడ పాడైపోతుందని అమ్మ ఏడిస్తే, సరే పంపండి, చదివించుకుంటాను అన్నది ఆమే. కానీ ఆ రోజు నుంచి పెద్దమ్మ నాన్నతో మాట్లాడటం మానేసింది. అమెరికా నుంచి ఫోన్ వస్తే అమ్మతో మాట్లాడి నాకు ఇచ్చేసేది.

ఫోన్ పక్కింట్లో ఉండేది. మొదటిసారి వచ్చినప్పుడు వాళ్ళింటిల్లిపాదీ చుట్టూ చేరారు. అమ్మ ఏడుస్తూ ఏవో జాగ్రత్తలు చెప్పింది. తర్వాత నాన్న వచ్చాడు. ఎట్లున్నవు బిడ్డా అన్నాడు.

"బాగున్నాను. మీరు బాగున్నారా?" అన్నాను.

పుట్టిన దగ్గర్నుంచీ నాన్నని నువ్వు అనే అలవాటు నాకు. పక్కింటావిడ, అమెరికా పిల్లకి ఎంత తొందరగా మర్యాద వచ్చింది చూడండి అని సంబరపడింది. అవతల గరగరమనే చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. లైను కట్ అయిందనుకున్నాను. కాలేదు. కాసేపటికి నాన్న, మంచిగ చదువుకో, అన్నాడు.

మూడేళ్ళు ఉన్నాను. అన్నీ చెడ్డరోజులే అని చెప్పను. జయంతి నాకు సొంత అక్క అయింది. ఇవాళ ఈ కథని తెలుగులో రాయగలుగుతున్నానంటే పెద్దమ్మ చలవే. నాన్న తర్వాతి రోజుల్లో వచ్చిన వాళ్ళందరి దగ్గరా, నోవైలో పుట్టిన పిల్లల్లో తెలుగు రాయగలిగేది మా రేణు ఒక్కతే అని చెప్పుకునేవాడు. అది నిజమే. నిజం కాబట్టే నాకు మరింత కోపం వచ్చేది.

*

1988 జూన్‌లో ఇంటర్ అయ్యాక, యాన్ ఆర్బర్‌లో యూనివర్సిటీలో సీటు వచ్చి తిరిగి వచ్చాను. డెట్రాయిట్ ఎయిర్‌పోర్టులో అమ్మ నన్ను పట్టుకుని బావురుమంటుందనుకున్నాను. అమ్మ నా బుగ్గ తాకి, చిక్కినవు, అంది. నాన్న జుట్టు నెరిసింది. ఉదయ్ నాకన్నా పొడుగయ్యాడు. హాయ్ అక్కా అని, నా పెట్టె తీసుకుని, కారు వైపు నడిచాడు.

వచ్చిన వారంలోనే నాన్న నన్ను డ్రైవింగ్ నేర్పిస్తానని బయటికి తీసుకెళ్ళాడు. ఖాళీ పార్కింగ్ లాట్‌లో కారు ఆపి, స్టీరింగ్ వైపు చూస్తూ, "నాకు ఇష్టం లేకుండె బిడ్డా. మీ అమ్మనే పట్టువట్టింది," అన్నాడు. అమ్మ ఏడుపు చూడలేకపోయాడట. నేను సరే అన్నాను. నాన్న నా వైపు చూడకుండానే, ఇప్పుడు బ్రేక్ మీద కాలు పెట్టు, అన్నాడు.

మర్నాడో, ఆ మర్నాడో అమ్మ బట్టలు మడతపెడుతూ నా గదిలోకి వచ్చి మంచం మీద కూర్చుంది. నేను వద్దే వద్దన్నానే, మీ నాన్నే వినలేదు, ఆ రామమోహన్ ముందు తల వంచుకోవాల్సి వస్తదని భయపడ్డడు, అంది. అమ్మకీ సరే అన్నాను. ఇద్దరిలో ఒకరు అబద్ధం చెబుతున్నారు. లేకపోతే ఇద్దరూ చెబుతున్నారు. ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టి అడగాలని నాకు అనిపించలేదు. అడిగితే ఏదో ఒక జవాబు వస్తుంది, దాన్ని నేను నమ్మాలి. ఆ శక్తి అయిపోయింది.

ఉదయ్ సంగతి నాకు మీనా ఆంటీ ద్వారా తెలిసింది. ఆవిడ మా వీధిలోనే ఉండేది. ఆ మూడేళ్ళలో ఉదయ్ ఎక్కడికీ ప్రయాణం చేయలేదట. నయాగరాకి అందరూ కలిసి వెళ్తుంటే, పెట్టె సర్దడం చూసి బాత్రూంలోకి వెళ్ళి గడియ పెట్టుకున్నాడట. స్కూలు వాళ్ళు షికాగో తీసుకెళ్తామన్నా వెళ్ళలేదు. వాడి కోసం అమ్మానాన్నలు రెండుసార్లు ఇండియా ప్రయాణం మానుకున్నారు. వాణ్ణి నేను దాని గురించి అడగలేదు, వాడూ చెప్పలేదు. రోజూ సాయంత్రం ఇద్దరం గ్యారేజీ ముందు బాస్కెట్‌బాల్ ఆడేవాళ్ళం. నాకు ఆడటం రాదు, వాడు నేర్పేవాడు.

ఆగస్టు చివర నన్ను డార్మ్‌లో, అంటే యూనివర్సిటీ హాస్టల్లో, దింపడానికి నలుగురం కారులో యాన్ ఆర్బర్ వెళ్ళాం. నోవై నుంచి అరగంట ప్రయాణం. పెట్టెలు డిక్కీలో పెడుతుంటే ఉదయ్ వస్తాడో రాడో అని అమ్మ భయపడింది. వాడు అందరికన్నా ముందు వెళ్ళి వెనకసీట్లో కూర్చున్నాడు. దారంతా నాన్న కాలేజీలో జాగ్రత్తల గురించి మాట్లాడాడు. ఎవరితో పడితే వాళ్ళతో తిరగొద్దు అనబోయి ఆగి, చలికోటు ముందే కొనుక్కో అన్నాడు.

డార్మ్‌లో నా గది మూడో అంతస్తులో. ఉదయ్, నేనూ పుస్తకాల అట్టపెట్టె చెరోవైపు పట్టుకుని మెట్లెక్కుతున్నాం. రెండో అంతస్తు మలుపులో వాడు ఆగాడు. పెట్టె గోడకి ఆనించి, వాడి అమెరికా తెలుగులో అడిగాడు.

"అక్కా, ఈసారి నీకు ముందే చెప్పారా?"

వాడి మొహంలో వెటకారం లేదు. నిజంగానే తెలుసుకోవాలనుకుంటున్నాడు. పదేళ్ళ వయసులో వాణ్ణి ఒక రిక్షాలో ఎక్కించి, అక్క తర్వాత వస్తుందని చెప్పి ఉంటారు. విమానం ఎగిరాక చెప్పి ఉంటారు. నాకు అబద్ధం చెప్పినట్టే వాడికీ చెప్పి ఉంటారని మూడేళ్ళలో ఒక్కసారి కూడా నాకు తట్టలేదు. వాడూ వాళ్ళతో కలిసిపోయాడనే అనుకున్నాను.

"ఈసారి నేనే చెప్పానురా," అన్నాను. "వెళ్తానని నేనే చెప్పా. శుక్రవారం బస్సెక్కి ఇంటికొస్తా. నీకు ఫోన్ చేసి వస్తా."

"ప్రామిస్ చేయకు," అన్నాడు. "జస్ట్ రా."

సరే అన్నాను. పెట్టె ఎత్తుకుని మిగతా మెట్లు ఎక్కాం.

కిందికి దిగేసరికి అమ్మానాన్నలు కారు పక్కన నిలబడి ఉన్నారు. చుట్టూ అందరి అమ్మానాన్నలూ పిల్లల్ని కౌగిలించుకుంటున్నారు. నాన్న నా భుజం మీద చెయ్యి వేయబోయి, వేయాలో వద్దో తేల్చుకోలేక కారు తాళాలు తీశాడు. వెళ్ళొస్తాను, మీరు జాగ్రత్తగా డ్రైవ్ చేయండి, అన్నాను. అమ్మ అప్పుడు ఏడ్చింది. కొంగు లేదు, ప్యాంటు షర్టు వేసుకుంది, రెండు చేతుల్లో మొహం పెట్టుకుని నడిరోడ్డు మీద ఏడ్చింది. హైదరాబాద్‌లో కూడా ఇలాగే ఏడ్చిందేమో, నాకు తెలియదు. నేనప్పుడు దర్జీ కొట్లో చేతులెత్తి నిలబడి ఉన్నాను.